కండ్లు పెట్టిన గుర్రం

ముందే ఒప్పుకుంటే సగం తప్పు మాఫీ అంటారు కాబట్టి చెప్పేస్తున్నాను. నాకు పెంచి చెప్పే జబ్బు ఉంది. నా నోటివెంట పాము అని వస్తే అది వానపాము అని, వరద అని వస్తే ఎవరో కుళాయి కట్టెయ్యడం మరిచిపోయారని అర్థం చేసుకొమ్మని మా ఆవిడ ఇరుగుపొరుగుకు ఏనాడో చెప్పి పెట్టింది. అందుకని ఈ రాతలో ఎక్కడ అంకె కనబడినా దాన్ని పదితో భాగించుకుని చదువుకోండి, నేనేమీ అనుకోను. అయితే ఉన్నదాన్ని పెంచడం వేరు, లేనిదాన్ని అల్లడం వేరు. ఇందులో పూర్తిగా అల్లింది ఒక్కచోటే ఉంది. అదేదో ఆఖర్న నేనే చెబుతాను.

పోయిన వారం ఖమ్మం ఖానాపురం హవేలిలోని మా ఇంటికి రంగులు వేయించాము. రంగులంటే తెలిసిందేగా, ఇల్లు కట్టడానికి పట్టిన దానికంటే సామాను జరపడానికి ఎక్కువ రోజులు పడుతుంది. ముందుగదిలోని షోకేసు ఖాళీ చేస్తుంటే, అట్టడుగు అరలో, పెళ్ళినాటి గాజు గ్లాసుల వెనక, ఒక పాత తువ్వాలు మూటలోంచి మా ఆవిడకు చిన్న ప్లాస్టిక్ బల్లెం దొరికింది. పొడుగు ఎంతంటే, నేనైతే గడ్డపారంత అంటాను గానీ నిజానికి అగరుబత్తి పుల్లలో సగం. దాన్ని ఎలుకతోక పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకొచ్చి, ఇది ఉంచాల్నా పారెయ్యాల్నా, పండ్ల సందులు కుట్టుకునుడు తప్పితే దేనికి పనికొస్తదని అడిగింది. ఉంచమన్నాను. ఆ పుల్ల కొసకు గుచ్చుకుని ముప్పై ఏళ్ళ కిందటి సిగ్గు ఒకటి పైకి వచ్చింది, అప్పటినుంచి అన్నం సయించడం లేదు. (సయిస్తోంది, రెండోసారి పెట్టించుకోవడమే మానేశాను.)

మన వయసువాళ్ళకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి, ఎస్టీడీ బూతు ముందు వరుసలో నిలబడి, అద్దాల వెనక ఎర్ర అంకెలు పరుగెత్తుతుంటే గుండె పట్టుకుని మాట్లాడిన రోజులు. నాకు అప్పుడు పెళ్ళి కాలేదు. భద్రాచలం దగ్గర గోదావరి దాటి, దుమ్ముగూడెం కూడా దాటినాక, అడవి అంచున ఉన్న ఒక ఊళ్ళో పశువుల దవాఖానాలో సహాయకుడిగా మొదటి ఉద్యోగం. దవాఖానా అంటే రెండు గదులు, ఒకటి కురిసేది, రెండోది రెండు రెట్లు కురిసేది. డాక్టరుగారు నెలకోసారి వచ్చేవారు. మిగతా రోజుల్లో జనం నన్నే గొడ్ల డాక్టరు అనేవారు, నేనూ దిద్దేవాణ్ణి కాదు. ఇప్పుడు ఆలోచిస్తే నా జబ్బు అక్కడే ముదిరిందేమో, ఒక మనిషిని ఉన్నదానికంటే ఒక మెట్టు పైన పిలుస్తూ ఉంటే కొన్నాళ్ళకు ఆ మెట్టు వాడి సొంతమైపోతుంది.

ఒక ఆదివారం హైదరాబాదు వెళ్ళినప్పుడు, పాత పుస్తకాలు పరిచే ఫుట్‌పాత్ మీద ఒక అట్టపెట్టె కనబడింది. పైన బొమ్మ: తల నుంచి పాదాల దాకా ఇనుప కవచం తొడుక్కుని, బల్లెం పట్టుకుని, ముసుగేసిన గుర్రమెక్కిన ఏదో పరాయి దేశపు రౌతు. లోపల ముక్కలన్నీ ఒక ప్లాస్టిక్ చట్రానికి పిందెల్లా అంటుకుని ఉన్నాయి, వాటిని తుంచుకుని, బంకతో అతికించి, రంగులేసుకుంటే జానెడు బొమ్మ తయారవుతుంది. చిన్నప్పటినుంచి అలాంటిది ఒకటి ఉండాలని నా కోరిక. రూముకొచ్చి ముక్కలన్నీ పరుచుకుని చూస్తే, గుర్రానికి మూడు కాళ్ళే ఉన్నాయి. పశువైద్యశాఖలో ముప్పై ఏళ్ళు పనిచేసిన నాకు సర్వీసు మొత్తం మీద వచ్చిన ఒకే ఒక్క గుర్రం కేసు అదే.

వైద్యం బాగానే చేశాను. అగ్గిపుల్లతో ఒక కాలు పెట్టాను, విరిగింది. పగిలిన థర్మామీటరు ముక్కతో ఇంకోటి పెట్టాను, జారింది. పైపులు కారితే పెట్టే ముద్దతో మూడోది పెడితే గుర్రానికి బోదకాలు వచ్చినట్టయింది. రోజుకు వందసార్లు నిలబెట్టేవాణ్ణి, నూటొక్కసార్లు పడేది. మా అటెండరు, ఆ దగ్గరి కోయగూడెం మనిషే, వారంపాటు నవ్వు ఆపుకుని చూసి, ఇంజక్షన్ పని చేస్తలేదా సారూ అని ఒకసారి చురక వేసి, ఆఖరికి జాలిపడ్డాడు. వాళ్ళ గూడెంలో ఒక తాత ఉన్నాడని, ఏటా వాళ్ళ వేల్పు పండుగకు కర్రతో గుర్రం చేసేది ఆయనేనని, గొడ్ల గాలికుంటు టీకాలకు ఎట్లాగూ పోతున్నాం కదా, సంచీలో వేసుకు రమ్మని అన్నాడు.

తాత చుట్ట కాల్చుకుంటూ పందిరి కింద కూర్చుని ఉన్నాడు. వయసు నూటయాభై ఉంటుంది. నేను అట్టపెట్టె తెరిచి రౌతును చేతిలో పెడితే, అటు తిప్పి ఇటు తిప్పి చూసి, వాళ్ళ భాషలో ఏదో గొణుక్కుని, తరువాత నాతో తెలుగులో అడిగిన మొదటి మాట ఇది.

"గీ మనిషిని బిందెల ఎందుకు మూసిండ్రు సారూ? ఏం తప్పు చేసిండు?"

గాలాడక చస్తడు, తీద్దాం అని ఆయనే అన్నాడు. కొడవలి కొస కాల్చి ఆ ఇనుపటోపీని కోశాడు. లోపల తల ఉంటుందనుకున్నాం గానీ, ఏమీ లేదు, ఉత్త ప్లాస్టిక్ ముద్ద. తాత పొలమారేదాకా నవ్వాడు. తల లేనోళ్ళకే పెద్ద టోపీలుంటయ్, మన ఆఫీసుల చూస్తలేమా అని అటెండరు నా వంక చూడకుండా అన్నాడు.

ఒక్క కాలు పెడితే చాలు తాతా అని నేను అడిగాను. ఆయన వినలేదు. మూడు కాళ్ళు ఒక తల్లివి, ఒకటి ఇంకో తల్లిది అయితే నడక కుదరదని చెప్పి, నా కళ్ళముందే బాగున్న మూడు కాళ్ళనూ తీసేశాడు. నా గుండె ఆ పూట మూడుసార్లు ఆగింది. బొమ్మలు చేసే తేలికపాటి పొణికి కర్రతో కొత్త కాళ్ళు చెక్కడం మొదలుపెట్టాడు. ఆయన పని తీరే వేరు, తొందరన్నది లేదు. ఒక కాలు చెక్కి వడ్ల ఊకలో పూడ్చిపెట్టి, మర్నాడు తీసి, బీట కనబడకపోతేనే రెండోదానికి చెయ్యి పెట్టేవాడు. కాళ్ళు కుదిరాక, వాటికి ఆ మెడ సరిపోలేదని మెడ మార్చాడు. మెడ మారాక, గుర్రాన్ని దుప్పటి కప్పి ఎండలో తిప్పుతరా ఎవరన్న అని ఒంటిమీది ముసుగంతా గాజుపెంకుతో గీకేశాడు. చింతగింజల బంకలో రంపపు పొట్టు కలిపి అతుకులు పూడ్చాడు, కరక్కాయ నీళ్ళు రుద్ది నల్లబరిచాడు. రౌతుకు కర్ర తల, తలకు రుమాలు చుట్టినట్టు చెక్కుడు, చేతిలో వెదురుపేడు విల్లు, దానికి తాడుగా అడ్డాకు తీగ నార. బల్లెం మాత్రం అక్కర్లేదని నా చేతికిచ్చాడు, నేను జేబులో వేసుకున్నాను.

పదిహేను రోజులు, టీకాల పేరు చెప్పుకుని, రోజు విడిచి రోజు వెళ్ళేవాణ్ణి. ఆ గూడెంలో గొడ్లన్నిటికీ నాలుగేసి సార్లు టీకాలు పడ్డాయి. ఆఖరికి నేను కొన్న దాంట్లో మిగిలింది రౌతు మొండెం, గుర్రం జీను, అంతే. అంత అందమైన గుర్రాన్ని నేను బతికున్నవాటిలో కూడా చూడలేదు. తల కొంచెం పక్కకు తిప్పి, వెనక ఎవరో పిలిస్తే ఆగినట్టుగా ఉండేది. ఏమివ్వాలి తాతా అంటే, మేకల కడుపుల నట్టలకు మందు తాపియ్యి అన్నాడు. తాపించాను. అది ఎట్లాగూ ఊరికే ఇచ్చే మందే.

గుర్రం ముఖంలో కళ్ళుండాల్సిన చోట మాత్రం నున్నగా వదిలేశాడు. ఎందుకో ఆయన చెప్పలేదని, నాకు తెలియదని ఇక్కడ రాసుకుందామని చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. రాయలేకపోయాను. చెప్పాడు. గుర్రాన్ని నా చేతిలో పెడుతూ ఒకసారి, నేను బండి ఎక్కాక ఇంకోసారి, రెండుసార్లు చెప్పాడు.

"కండ్లు మాత్రం పెట్టకు సారూ. కండ్లు లేనంతసేపు గది వట్టి కర్ర. పెడితే చూస్తది. చూసేదాన్ని దాని జాగల నిలబెట్టాలె. గది దాని జాగ చేరేదాక ఈ చెయ్యి ఇంకో గుర్రానికి ఉలి పెట్టొద్దు. మా తాతల కాన్నుంచి గంతే."

జాగ అంటే గూడెం దాటాక అడవిలో వాళ్ళ వేల్పు ఉండేచోటు. ఏటా పండుగనాడు తాత తన చేత్తో కొత్త గుర్రానికి కళ్ళు పెట్టి, తీసుకెళ్ళి, పాతవాటి పక్కన నిలబెట్టాలి. ఆ ఏటి గుర్రానికి దుంగ అప్పటికే సిద్ధంగా ఉంది. అడ్డాకుల్లో చుట్టి గోడవార ఆనించి ఉంచడం నేను వెళ్ళినప్పుడల్లా చూసినదే. నా బొమ్మ పని అయ్యాక దాన్ని మొదలుపెడదామని ఆయన ఆగి ఉన్నాడు.

సరిగ్గా అప్పుడే ఖమ్మంలో ఉద్యోగుల చేతిపనుల పోటీ అని ఒక కాగితం వచ్చింది. కుట్లు, అల్లికలు, అగ్గిపుల్లల తాజ్‌మహళ్ళు పెట్టే పోటీ. గుర్రాన్ని దూదిలో చుట్టి పట్టుకెళ్ళాను. వెళ్ళేముందు గూడెంలో ఆగి, వచ్చి చూడు తాతా, ఎంతమంది చూస్తరో అని నోటిమాటగా పిలిచాను. నోటిమాట పిలుపు మనకు ఊరికే అనేసేది, వాళ్ళకు కాదని నాకు అప్పటికి తెలియదు.

పోటీనాటి పొద్దున బల్లమీద పెట్టి చూస్తే, పక్కన మెరిసిపోతున్న ఊలు కుక్కపిల్లల మధ్య నా గుర్రం గుడ్డిదిలా కనబడింది. పని పూర్తి చెయ్యలేదంటారేమో, మార్కులు పోతాయేమో అనిపించింది. రంగుల డబ్బీలు సంచీలోనే ఉన్నాయి. ఆవు తోక వెంట్రుక ఒకటి పుల్లకు కట్టి, ముందు తెలుపు, దాని మధ్య నలుపు చుక్క, రెండు నిమిషాల్లో రెండు కళ్ళూ పెట్టేశాను. వెనక్కి జరిగి చూస్తే, ఈ మాటను పదితో భాగించక్కర్లేదు, గుర్రం నన్ను చూసింది.

పెద్ద ఆఫీసరుగారు వచ్చి నా బల్ల దగ్గరే ఆగిపోయారు. నువ్వే చేశావా అన్నారు. చెయ్యడం ఏమిటి సార్ అని మొదలుపెట్టాను. అడవిలో ఒంటరిగా మూడు నెలలు కూర్చున్నానన్నాను. దుంగను గోదావరి వరదకు ఎదురీది పట్టుకొచ్చానన్నాను. ఉలి తగిలి వేలు తెగితే నేనే కుట్టుకున్నానన్నాను. చుట్టూ జనం పోగయ్యారు, పోగయినకొద్దీ గోదావరి వెడల్పు పెరిగింది. అంతకుముందు ఎన్నో పెంచాను గానీ, పక్కవాణ్ణి తీసేసి ఆ జాగాలో నన్ను పెంచుకోవడం అదే మొదలు.

సరిగ్గా అప్పుడు మా అటెండరు జనాన్ని తప్పించుకుంటూ తాతను వెంటబెట్టుకొచ్చాడు. తాత మడతల గీతలు పోని తెల్లచొక్కా వేసుకున్నాడు, ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్నదిలా ఉంది, చేతులు వేళ్ళ దాకా వచ్చాయి. తెల్లవారుజామున బస్సెక్కి నూటయాభై కిలోమీటర్లు వచ్చాడు. ఈ అంకెనూ భాగించకండి. ఈయనెవరు అన్నారు ఆఫీసరుగారు.

"మా ఏరియా రైతు సార్. మేకల మందు కోసం వచ్చిండు."

నేనా మాట అనగానే అటెండరు నేల చూశాడు. తాత విన్నాడు, ఆయనకు తెలుగు బాగా వచ్చు. ఇప్పుడు ఈయన నోరు తెరుస్తాడు, అందరిముందూ నా పరువు గోదాట్లో కలుస్తుంది అనుకుంటూ నిలబడ్డాను. ఆయన నా ముఖం వైపే చూడలేదు. బల్ల దగ్గరికి జరిగి, చేతులు వెనక్కి కట్టుకుని, వంగి గుర్రం ముఖంలోకి చూశాడు.

"కండ్లు పెట్టినవ్ గద సారూ."

కోపంగా అనలేదు. ఇంటి దూడ తాడు తెంపుకుందని పొరుగువాడికి చెప్పినట్టు అన్నాడు. ఏమంటున్నాడని ఆఫీసరుగారు అడిగితే, బాగుందంటున్నాడు సార్ అన్నాను. ఆ కళ్ళే అద్భుతమయ్యా అని ఆయన నా భుజం తట్టారు. తాత ఇంకాసేపు నిలబడి, ఎవరికీ అడ్డం రాకుండా గోడ పక్కనుంచి బయటికి నడిచాడు. నేను వెనకే వెళ్ళాను, క్షమించమనాలని. రైతన్నందుకు, మేకల మందన్నందుకు. ఆయనకు అవేవీ పట్టినట్టు లేవు. గడప దగ్గర ఆగి, కుడిచెయ్యి ఒకసారి చూసుకుని అన్నాడు.

"పండుగకు ఇరవై దినాలున్నది. జల్దీ తీస్కరా సారూ. చెయ్యి ఆగిపోయింది."

నేను తెస్తానన్నాను. ఎల్లుండే అన్నాను.

మొదటి బహుమతి నాకే వచ్చింది, ఒక గోడ గడియారం. గుర్రాన్ని పదిరోజులు ఆఫీసులో అద్దాల బీరువాలో పెడతామన్నారు. పండుగ ఉంది, ఇచ్చెయ్యండి అని ఒక్క మాట అంటే ఇచ్చేసేవారే. అనాలంటే గుర్రం ఎవరిదో చెప్పాలి. చెప్పలేదు. పది రోజులు పాతికయ్యాయి. గుర్రం చేతికొచ్చేసరికి పండుగ వెళ్ళిపోయింది. ఈ ఏడు పోయినేటి గుర్రాన్నే కడిగి నిలబెట్టిండ్రు సారూ అని అటెండరు మందుల డబ్బాలు సర్దుతూ, మందుల లెక్క చెప్పినట్టు చెప్పాడు. తాత దుంగను ముట్టలేదట. నా బండి చప్పుడు వినబడితే పందిరి కింద నుంచి లేచి నిలబడుతున్నాడట. ఆ తరువాత నేను ఆ గూడేనికి టీకాలకు అటెండరునే పంపాను. అంతలో వానలు పడ్డాయి, వాగులు పొంగాయి, గోదావరి రోడ్డెక్కింది, నాకు నేలకొండపల్లికి బదిలీ అయింది. ఇటువైపు వచ్చేస్తూ గుర్రాన్ని తువ్వాలులో చుట్టి ట్రంకుపెట్టెలో పెట్టుకున్నాను.

వానలు తగ్గాక, దసరా ముందు ఒక రోజు, సెలవు పెట్టి వెళ్ళాను. వాగు దగ్గర బండి ఆపేసి, చెప్పులు చేత పట్టుకుని, మోకాలి లోతు నీళ్ళలో నడిచి గూడెం చేరాను. తాత నన్ను చూసి లేచాడు. తువ్వాలు విప్పి గుర్రాన్ని రెండు చేతులా అందుకుని, భుజాన పెట్టుకుని ముందు నడిచాడు, వెనక నేను. జాగలో వరుసగా నిలబడి ఉన్నాయి గుర్రాలు, కొన్నిటికి చెదలు పట్టి మెడలే మిగిలాయి, కొన్ని మట్టిలో సగం కలిసిపోయాయి. వాటి చివర నా గుర్రాన్ని నిలబెట్టి, రౌతు రుమాలు మీద దుమ్ము వేలితో తుడిచాడు. తిరిగొచ్చి, గోడవార దుంగకు చుట్టిన ఎండుటాకులు విప్పి, బాడిస తీసుకుని మొదటి దెబ్బ వేశాడు. లేచిన చెక్కపేడు వచ్చి నా పాదం మీద పడింది. అప్పుడు నా వైపు చూసి, మేకలకు మళ్ళ మందు తాపాలె సారూ అన్నాడు. వాగు దాటి వస్తుంటే నా ఒళ్ళు దూదిలా తేలిపోయింది.

ఇక ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలి.

అల్లింది ఆ ఆఖరి ప్రయాణమే. వాగు లేదు, చేత పట్టుకున్న చెప్పులు లేవు, పాదం మీద పడ్డ చెక్కపేడు లేదు. నేను వెళ్ళలేదు. ఆ జాగ ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. దాన్ని ఇన్నేళ్ళలో మనసులో ఎన్నిసార్లు నడిచానంటే, వానపామును పాము చేసేటంత సులువుగా రాసేశాను, రాస్తున్నంతసేపూ నిజంగానే హాయిగా ఉంది. మీరూ నమ్మి ఉంటే నన్ను మన్నించండి. మిగతాదంతా, అంకెలు తప్ప, జరిగిందే.

మా ఆవిడకు ఆ తువ్వాలులో దొరికింది బల్లెం ఒక్కటే కాదు. గుర్రం కూడా ఉంది. బంక ఎక్కడా ఊడలేదు, కాళ్ళకు బీట లేదు. ఎన్నాళ్ళకిందటో ఒకసారి ఆ కళ్ళను బ్లేడుతో గీకేద్దామని కూర్చున్నాను, అప్పుడది మళ్ళీ కర్రయిపోతుంది కదా, తాత చేతికి పడ్డ కట్టు వదిలిపోతుంది కదా అని. బ్లేడు దగ్గరికి తీసుకెళ్ళి, నా వల్ల కాక, మళ్ళీ మూట కట్టేశాను.

ఇప్పుడు ఆ గూడెందాకా తారు రోడ్డు పడిందట, వాగు మీద వంతెన కట్టారట. పొద్దున ఇక్కడ టిఫిను చేసి బయల్దేరితే చీకటి పడకముందే తిరిగి రావచ్చట. ఒకప్పుడు నాకు చెప్పుకోవడానికి వాగులుండేవి, వరదలుండేవి, రాని బస్సులుండేవి, వాటన్నిటిమీదా తారు పోసేశారు. అటెండరు ఫోను నంబరు నా దగ్గర ఉంది. తాత ఉన్నాడా, ఆ తరువాత ఉలి పట్టాడా అని అడగడానికి ఒక్క నిమిషం చాలు. అడగలేదు.

రంగులు ఆరిపోయాయి, షోకేసు మళ్ళీ సర్దుకున్నాం. ఇంత మంచి బొమ్మను మూటలో దాచుడేందని మా ఆవిడ గుర్రాన్ని పై అరలో, అందరికీ కనబడేటట్టు పెట్టింది. దాని ముఖం గోడవైపు ఎవరు తిప్పుతున్నారో ఆమెకు ఇంకా తెలియదు.